ఒక గొంతు, ఒక చెవి: బ్లాకలిషస్ ప్రస్థానం

బ్లాకలిషస్ ఉత్తర కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన హిప్‌హాప్ జంట. మాట గిఫ్ట్ ఆఫ్ గ్యాబ్‌ది, సంగీతం చీఫ్ ఎక్సెల్‌ది. గ్యాబ్ అసలు పేరు తిమోతీ పార్కర్, ఎక్సెల్ అసలు పేరు జేవియర్ మోస్లీ. శాక్రమెంటోలోని జాన్ ఎఫ్. కెనెడీ హైస్కూల్లో 1987లో మొదలైన వీరి స్నేహం, 2021 జూన్ 18న గ్యాబ్ కన్నుమూసేదాకా ముప్పై నాలుగేళ్లు సాగింది. ఇంతకాలంలో జంటగా వాళ్లు తెచ్చిన పూర్తి నిడివి ఆల్బమ్‌లు నాలుగే. నియా, బ్లేజింగ్ ఏరో, ది క్రాఫ్ట్, ఇమాని మొదటి భాగం. ఆ నాలుగింటినీ నాలుగు వేర్వేరు సంస్థలు తెచ్చాయి. వాటిలో ఒకటి స్నేహితులంతా కలిసి పెట్టుకున్నది, ఒకటి అమెరికా సంగీత వ్యాపారంలో పేరుమోసిన పెద్ద కంపెనీ. సంస్థలు మారినా పని చేసే పద్ధతి మాత్రం మారలేదు. పాట ఎప్పుడు పూర్తయినట్టో ఆ ఇద్దరే తేల్చుకునేవారు. ఈ జంట స్వతంత్రత ప్రధానంగా అందులోనే ఉంది. పెద్ద కంపెనీ గడప తొక్కారా లేదా అన్నది దాని తర్వాతి ప్రశ్న.

ఒకరు పాడడం, ఒకరు సంగీతం కూర్చడం అనే ఈ ఇద్దరి పొందిక హిప్‌హాప్ పుట్టుకలోనే ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హర్క్ వాయించిన పార్టీని ఈ కళకు ఆరంభంగా చెప్పుకుంటారు. పాటలో గాయకుడు ఆగి, డ్రమ్ములు మాత్రమే మోగే చిన్న ముక్కను రెండు రికార్డుల మీద మార్చి మార్చి వాయించి హర్క్ దాన్ని సాగదీశాడు. ఆ సాగిన తాళం మీద మైకు పట్టుకుని మాట్లాడే మనిషి ఎంసీ అయ్యాడు. ఎరిక్ బి అండ్ రకీమ్, గ్యాంగ్ స్టార్, పీట్ రాక్ అండ్ సీఎల్ స్మూత్ వంటి జంటలు 1980ల చివర, 1990ల మొదట్లో ఈ పొందికను ఒక శిల్పంగా తీర్చిదిద్దాయి. జంటలో మూడో మనిషి ఉండడు. ఎంసీకి ఊపిరి ఎక్కడ అందదో సంగీతం కట్టేవాడికి తెలిసి ఉండాలి. సంగీతంలో ఎక్కడ ఖాళీ వదిలారో, ఆ ఖాళీని ఎందుకు నింపకూడదో ఎంసీకి తెలిసి ఉండాలి. ఏళ్ల తరబడి ఒకరినొకరు విన్నవాళ్లకే అది పట్టుబడుతుంది.

పార్కర్ 1970 అక్టోబరు 7న పుట్టాడు. హైస్కూల్లో అతని రంగస్థల నామం గ్యాబీ టీ. మోస్లీతో కలిసి కట్టిన తొలి బృందం పేరు అటామిక్ లీజియన్. శాక్రమెంటో కాలిఫోర్నియా రాష్ట్ర రాజధానే అయినా హిప్‌హాప్ పటంలో అప్పటికి దానికి చెప్పుకోదగ్గ చోటు లేదు. న్యూయార్క్ రికార్డులు అక్కడికి దుకాణాల ద్వారా, కాలేజీ రేడియోల ద్వారా చేరేవి. స్కూలు ముగిశాక 1989లో పార్కర్ లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు. మోస్లీ శాక్రమెంటోకు ఇరవై నాలుగు కిలోమీటర్ల దూరంలోని డేవిస్‌లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో చేరాడు. ఇద్దరూ మళ్లీ కలిసింది 1992లో, డేవిస్‌లోనే.

పార్కర్ వెళ్లిన ఏడాదే, 1989 డిసెంబరులో, లాస్ ఏంజెలెస్‌లోని గుడ్ లైఫ్ అనే చిన్న ఆరోగ్యాహార దుకాణంలో గురువారం రాత్రుల్లో ఎవరైనా వచ్చి పాడగల ఓపెన్ మైకు మొదలైంది. అక్కడ బూతు మాట దొర్లితే మైకు తీసేసుకునేవారు. పాడేవాడు తడబడినా జనం ఊరుకునేవారు కాదు. ఫ్రీస్టైల్ ఫెలోషిప్ వంటి బృందాలు ఆ గదిలోనే రాటుదేలాయి. వేగం, స్పష్టత, జాజ్ గాయకుల్లా తాళాన్ని దాటి మళ్లీ అందుకోవడం వాళ్ల గుర్తులు. గ్యాబ్ తర్వాత్తర్వాత రాసినదంతా ఈ పశ్చిమ తీర ధోరణికి దగ్గర చుట్టమే.

డేవిస్ ఒక వ్యవసాయ కళాశాల చుట్టూ పెరిగిన ఊరు. సైకిళ్ల ఊరని దానికి పేరు. సంగీత పరిశ్రమకు అక్కడ ఏ ఆఫీసూ లేదు. అక్కడ ఉన్నదల్లా కేడీవీఎస్, 90.3 ఎఫ్ఎం మీద విద్యార్థులే నడుపుకునే రేడియో. ఆ స్టేషన్ రికార్డు గదిలో, రాత్రి కార్యక్రమాల్లో ఒక ముఠా కుదిరింది. జాష్ డేవిస్ అనే కుర్రవాడు డీజే షాడో అయ్యాడు. టోక్యోలో పుట్టిన టామ్ షిమూరా మొదట ఏషియా బోర్న్‌గా, తర్వాత లిరిక్స్ బోర్న్‌గా ప్రసిద్ధుడయ్యాడు. లతీఫ్ ద ట్రూత్ స్పీకర్ అనే ర్యాపర్ వచ్చాడు. డీజే జెన్ పేరుతో కార్యక్రమం చేసిన జెఫ్ చాంగ్ ఆ తర్వాత 2005లో ‘కాంట్ స్టాప్ వోంట్ స్టాప్’ అనే హిప్‌హాప్ చరిత్ర గ్రంథం రాశాడు. ఆ రంగంలో నేటికీ మొదట చదవాల్సిన పుస్తకాల్లో అదొకటి. వీళ్లంతా కలిసి పెట్టుకున్న సంస్థ సోల్‌సైడ్స్. 1993లో షాడో, ఏషియా బోర్న్‌ల రికార్డుతో అది మొదలైంది.

కంపెనీల పిలుపు కోసం ఎదురుచూడకుండా ఈ కుర్రవాళ్లు సొంత సంస్థ పెట్టుకోవడం వెనక ఆ ప్రాంతపు అలవాటు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల హిప్‌హాప్‌ను జనం చేత కొనిపించింది కారు డిక్కీలు. టూ షార్ట్ 1980లలో ఓక్లాండ్‌లో తన క్యాసెట్లు తనే అమ్ముకున్నాడు. వలేహో ఊరి ఈ-40 తన సిక్ విడ్ ఇట్ సంస్థను ముందు సొంతంగా నిలబెట్టి, 1994లో గానీ జైవ్ కంపెనీతో ఒప్పందానికి రాలేదు. జైవ్ వదిలేసిన సోల్స్ ఆఫ్ మిస్చిఫ్ కుర్రవాళ్లు 1997లో తమ హైరోగ్లిఫిక్స్ బృందంతో కలిసి సొంత సంస్థ పెట్టుకున్నారు. పాట ధోరణిలో వీళ్లెవరికీ పొంతన లేదు, వ్యాపార పాఠం మాత్రం అందరిదీ ఒకటే. సరుకు మన చేతిలో ఉంటే బేరం మన చేతిలో ఉంటుంది.

1992 డిసెంబరులో డాక్టర్ డ్రే ‘ది క్రానిక్’ వచ్చాక పశ్చిమ తీరం అనగానే దేశమంతా గ్యాంగ్‌స్టా ర్యాప్‌నే వెతికింది. తుపాకీ, పగ, డబ్బు లేని ర్యాప్‌ను అమ్మడం కష్టమని వ్యాపారులు తీర్మానించుకున్న కాలమది. బ్లాకలిషస్ అప్పుడు ‘మెలోడికా’ అనే చిన్న సంపుటంతో వచ్చింది. 1994లో సోల్‌సైడ్స్ దాన్ని విడుదల చేస్తే, ఆ మరుసటి ఏడాది లండన్‌లోని మో వ్యాక్స్ సంస్థ యూరప్ శ్రోతలకు అందించింది. అందులోని ‘స్వాన్ లేక్’ పాట ఆ జంట స్వభావాన్ని మొదటే చాటింది. పాట నడక మృదువు, మాట బరువు. ‘40 ఔన్స్ ఫర్ బ్రేక్‌ఫాస్ట్’ తాగుడు పాట. అమెరికా నల్లవాడల మూల దుకాణాల్లో చవకగా దొరికే బీరు సీసా దాదాపు 1.2 లీటర్లుంటుంది. దానితోనే తెల్లవారే మనిషి గురించి ఆ పాట. తాగడం మగతనమని పాడిన పాటలు కోకొల్లలుగా అమ్ముడవుతున్న రోజుల్లో ఇరవై దాటిన ఇద్దరు కుర్రవాళ్లు ఇలాంటి పాట ఎంచుకోవడం ధైర్యమే.

ఈ ముఠా సంగీతం ఎలా కట్టేదో చూస్తే ఎక్సెల్ పాత్ర అర్థమవుతుంది. పాత సోల్, ఫంక్, జాజ్ రికార్డు నుంచి రెండు సెకన్ల ముక్క కోస్తారు. దాన్ని శాంప్లర్ అనే యంత్రంలోకి ఎక్కిస్తారు. ఆ యంత్రం మీద వరసకు నాలుగేసి చొప్పున పదహారు రబ్బరు మీటలుంటాయి. ఒక మీటకు డ్రమ్ము దెబ్బ, ఇంకో మీటకు బేస్ గిటారు ముక్క, మరోదానికి ఎవరో గాయని తీసిన దీర్ఘం. వేళ్లతో ఆ మీటలను వాయిస్తూ కొత్త పాట కడతారు. యంత్రం కొంటే ఆ విద్య రాదు. ఏ రికార్డులో ఏ ముక్క దాగి ఉందో తెలియాలి. అందుకు దుమ్ము కొట్టుకున్న పెట్టెల ముందు గంటల కొద్దీ నిలబడాలి. షాడో 1996లో ఎంపీసీ 60 అనే శాంప్లర్ మీద మొత్తం పాత రికార్డుల ముక్కలతోనే కట్టిన ‘ఎండ్‌ట్రొడ్యూసింగ్’ ఆల్బమ్ గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని అట్ట మీది ఫొటో శాక్రమెంటోలోని ఒక పాత రికార్డుల దుకాణంలో తీసినది. బారులు తీరిన రికార్డుల మధ్య వెతుకులాటలో ఉన్న ఇద్దరిలో ఒకడు లిరిక్స్ బోర్న్, రెండోవాడు చీఫ్ ఎక్సెల్. బ్లాకలిషస్ పేరు ఎరగని లక్షల మంది ఇళ్లలో ఎక్సెల్ బొమ్మ ఉన్నదన్నమాట.

అయితే ఈ విద్యకు అప్పటికే చట్టం చిక్కు వచ్చి పడింది. అనుమతి లేకుండా గిల్బర్ట్ ఓ సల్లివన్ పాట ముక్క వాడుకున్నందుకు బిజ్ మార్కీ మీద 1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రతి ముక్కకూ హక్కుదారు అనుమతి తీసుకోక తప్పని పరిస్థితి వచ్చింది. అనుమతికి డబ్బు కావాలి, ఆ డబ్బు చిన్న సంస్థల దగ్గర ఉండదు. ఎక్సెల్ సంగీతంలో ఏళ్లు గడిచే కొద్దీ వాద్యకారులు ఎక్కువవుతూ రావడానికి అభిరుచితోపాటు ఈ లెక్క కూడా కారణమని అనుకోవడానికి వీలుంది.

1997లో సోల్‌సైడ్స్ మూతపడింది. ఆ స్నేహితులే క్వానమ్ ప్రాజెక్ట్స్ పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. 1999లో ‘క్వానమ్ స్పెక్ట్రమ్’ సంకలనం, అదే ఏడాది బ్లాకలిషస్ చిన్న సంపుటం ‘ఏ టు జీ’, ఆ వెనకే తొలి పూర్తి ఆల్బమ్ ‘నియా’ వచ్చాయి. నియా ముందు ఇంగ్లండ్‌లో విడుదలై, 2000 ఫిబ్రవరిలో అమెరికా దుకాణాలకు చేరింది. స్వాహిలీలో నియా అంటే సంకల్పం. ఆఫ్రికన్ అమెరికన్లు ఏటా డిసెంబరు చివర జరుపుకునే క్వాంజా పండుగ ఏడు సూత్రాల్లో అదొకటి. మెలోడికాకూ నియాకూ మధ్య అయిదేళ్ల ఎడం ఉంది. పెద్ద కంపెనీ అయితే అంత గడువు ఇచ్చేది కాదు.

నియాలో రెండు పాటలు జంట అంతరంగాన్ని తేటగా చెబుతాయి. ‘డిసెప్షన్’ కీర్తి తలకెక్కి పాడైపోయిన ఒక ర్యాపర్ కథ. పిల్లల పాటలాంటి తేలిక బాణీ మీద నడుస్తుంది కాబట్టి నీతి బరువనిపించదు. ‘షాలో డేస్’ ఇంకాస్త ఘాటైనది. తుపాకుల గురించి పాడితే అమ్ముడవుతారు కదా అని సలహా ఇచ్చేవాళ్లకు అది జవాబు. ఎవరినీ దూషించకుండా, తన వాడల్లో జరిగే హింసను కాదనకుండా, దాన్నే సరుకు చేసుకోనని గ్యాబ్ అందులో తేల్చి చెబుతాడు. నిక్కీ జియోవనీ ప్రసిద్ధ కవిత ‘ఈగో ట్రిప్పింగ్’ను ఒక స్త్రీ గొంతు చదవడం కూడా ఈ ఆల్బమ్‌లో ఉంది. ర్యాప్‌కు ముందే నల్లజాతి కవిత్వంలో ఉన్న ఆత్మవిశ్వాసపు గొంతు అది. గ్యాబ్ మాటల గొప్పలకు తాతముత్తాతలెవరో శ్రోతకు తెలియాలన్న పట్టుదల ఆ ఎంపికలో కనిపిస్తుంది.

అయినా ప్రపంచం ఈ జంటను గుర్తు పెట్టుకున్నది మరో పాటతో. ‘ఏ టు జీ’ సంపుటంలో రెండు అక్షర క్రీడలున్నాయి. మొదటిది సంపుటానికి పేరిచ్చిన పాట. అందులో ఇంగ్లిషు అక్షరమాల తొలి ఏడు అక్షరాలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఆ అక్షరంతో మొదలయ్యే మాటలతో చరణాలు అల్లాడు. రెండోది ‘ఆల్ఫాబెట్ ఏరోబిక్స్’. దీనికి సంగీతం కూర్చింది ఎక్సెల్ కాదు, జురాసిక్ 5 బృందపు కట్ కెమిస్ట్. ఈసారి ఏ నుంచి జెడ్ దాకా అన్ని అక్షరాలూ రెండున్నర నిమిషాల లోపే అయిపోతాయి. ఒక్కో అక్షరానికి దాదాపు రెండేసి పాదాలు, పాదంలో చోటున్నంత మేర ఆ అక్షరంతో మొదలయ్యే మాటలే. వృత్త్యనుప్రాస, చిత్రకవిత్వం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ నియమం వెంటనే తలకెక్కుతుంది. దీనిలో అదనపు పరీక్ష ఏమిటంటే తాళం ఆగాగి వేగం పెంచుకుంటూ పోతుంది.

ఈ పాటను అక్షరం అక్షరంగా వింటే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. తొలి అక్షరాల దగ్గర తాళం నింపాదిగా ఉంటుంది. పాదానికీ పాదానికీ మధ్య ఊపిరి తీసుకోవడానికి చోటుంటుంది. అచ్చుతో మొదలయ్యే మాటలు వరసగా వస్తే ప్రతి మాటకూ కంఠం కొత్తగా తెరుచుకోవాలి, లేకపోతే మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బీ, పీ, ఎం వంటి ఓష్ఠ్యాలకు పెదవులు ప్రతిసారీ మూసి తెరవాలి, పైగా బీ, పీలు మైకులో టప్‌మని పేలతాయి. డీ, టీలకు నాలుక కొస పనిచేస్తుంది, అవి వేగానికి అనువైనవి. ఎస్ దగ్గర బుస ఎక్కువై మాట చెదిరే ప్రమాదముంది. ఇలా ఇరవై ఆరు అక్షరాలకు నోరు ఇరవై ఆరు రకాలుగా సర్దుకోవాలి. చివరికి వచ్చేసరికి తాళం పరుగందుకుంటుంది, ఊపిరికి చోటు చిక్కిపోతుంది, సరిగ్గా అక్కడే ఎక్స్, జెడ్ వంటి మాటలు దొరకని అక్షరాలు ఎదురవుతాయి. గ్యాబ్ గొంతు ఆ చోట కూడా ఒక్క హల్లునూ మింగదు. వేగంగా పాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అంత వేగంలో కూడా ప్రతి మాటా వినబడేలా పాడగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ పాట ప్రసిద్ధి గ్యాబ్‌కు కొంత అన్యాయం కూడా చేసింది. గారడీ చేసే ర్యాపర్‌గా అతన్ని లెక్కగట్టినవాళ్లు అతని నెమ్మది పాటల దాకా రాలేదు. ఒక ఆలోచనను ఎనిమిది పాదాల పాటు పట్టుకుని నడవడం, పాదం చివరనే గాక పాదాల మధ్యలోనూ మూడు నాలుగు అక్షరాల పొడవైన ప్రాసలు కూర్చడం, అవసరమైన చోట పాడడం, అక్కర్లేని చోట ఊరుకోవడం అతని అసలు బలం.

2002 ఏప్రిల్ 30న రెండో ఆల్బమ్ ‘బ్లేజింగ్ ఏరో’ ఎంసీఏ కంపెనీ నుంచి వచ్చింది. సొంత సంస్థ ఉన్న జంట పెద్ద కంపెనీకి వెళ్లడం అప్పట్లో అభిమానుల్లో కొందరికి రుచించని విషయమే. కానీ ఆ రోజుల ఎంసీఏ వేరు. ది రూట్స్, కామన్ వంటివారు అప్పటికి ఆ కంపెనీలోనే తమ మేలైన ఆల్బమ్‌లు చేస్తున్నారు. ఒప్పందాల లెక్క కూడా తెలుసుకోవాలి. పెద్ద కంపెనీ ముందు అడ్వాన్సు ఇస్తుంది, రికార్డింగు ఖర్చు భరిస్తుంది, ఆ రెంటినీ కళాకారుడి రాయల్టీలోంచే రాబట్టుకుంటుంది. అసలు రికార్డింగుల మీద హక్కు మామూలుగా కంపెనీకే ఉండిపోతుంది. చిన్న సంస్థలో అడ్వాన్సు ఉండదు లేదా నామమాత్రం, కానీ ఖర్చులు పోను మిగిలినదాన్ని చెరిసగం పంచుకోవడం రివాజు. బ్లాకలిషస్ ఎంసీఏకు వెళ్లినా క్వానమ్ ముద్ర రికార్డు మీద ఉంది, ఆ స్నేహితుల ముఠా రికార్డు లోపల ఉంది.

కంపెనీ డబ్బును వాళ్లు ఖర్చు పెట్టిన తీరు చూస్తే అభిమానుల భయానికి జవాబు దొరుకుతుంది. రేడియో హిట్ కోసం ఆ నెల పేరుమోసిన గాయకుడిని తేలేదు. గిల్ స్కాట్ హెరన్‌ను తెచ్చారు. ర్యాప్‌కు పెద్దదిక్కుగా చెప్పుకునే ఆ కవి గాయకుడు 1994 తర్వాత సొంత ఆల్బమ్ చేయని రోజులవి, మళ్లీ చేసింది 2010లో. అంత ఎడబాటు నడుమ అతని గొంతు ‘ఫస్ట్ ఇన్ ఫ్లైట్’ పాటలో వినబడింది. ‘రిలీజ్’ అనే మూడు అంకాల పాట తొమ్మిది నిమిషాలు దాటుతుంది. రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్ గాయకుడు జాక్ డి లా రోచా, కవి సాల్ విలియమ్స్, లిరిక్స్ బోర్న్ అందులో వంతులు పంచుకున్నారు. తొమ్మిది నిమిషాల పాటను ఏ రేడియో వేయదని తెలిసే చేశారు. గాయకుడు బెన్ హార్పర్ ఒక పాటలో ఉన్నాడు. జురాసిక్ 5 ఎంసీ చాలీ టూనా, లతీఫ్ కలిసి ‘4000 మైల్స్’ పాడారు. ఆల్బమ్ పేరు పాటకు హ్యారీ నిల్సన్ 1970ల నాటి ‘మీ అండ్ మై ఏరో’ పాట ముక్క ఆధారం. కట్ కెమిస్ట్‌తో చేసిన ‘కెమికల్ క్యాలిస్తెనిక్స్’లో గ్యాబ్ ఈసారి అక్షరమాల బదులు రసాయన శాస్త్రాన్ని పట్టాడు. పరమాణువులు, మూలకాలు, సమ్మేళనాలు తాళంలో కుదురుకున్నాయి.

ఆ ఆల్బమ్‌లో చిరకాలం నిలిచే పాట ‘మేక్ యూ ఫీల్ దట్ వే’. మనిషికి సంతోషమిచ్చే చిన్న చిన్న సందర్భాలను ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోవడమే దానిలో ఉన్నది. విద్య ప్రదర్శన లేదు. పాట వెనక ఎక్సెల్ పరిచిన సంగీతం సోల్ పాటల వెచ్చదనంతో సాగుతుంది, గ్యాబ్ దాని మీద తొందరలేకుండా నడుస్తాడు. ఆల్ఫాబెట్ ఏరోబిక్స్ చేసిన గొంతే ఇదీ చేసిందంటే, ఆ గొంతు వెనక ఏ చెవి ఉందో గుర్తుచేసుకోవాలి. ఎక్కడ ఆగాలో గ్యాబ్‌కు ఎక్సెల్ సంగీతమే చెప్పేది.

2003లో ఎంసీఏ అనే సంస్థే లేకుండా పోయింది. మాతృసంస్థ యూనివర్సల్ దాన్ని గెఫెన్‌లో కలిపేసింది. పెద్ద కంపెనీలో ఆల్బమ్ చేయించిన మనుషులు పోతే ఆ ఆల్బమ్‌ను పట్టించుకునే దిక్కుండదు. ఎందరో కళాకారుల ప్రయాణం ఇలాంటి విలీనాల దగ్గరే ఆగిపోయింది. బ్లాకలిషస్ ఆగకపోవడానికి కారణం వాళ్లకు తిరిగి వెళ్లడానికి క్వానమ్ ఉండడమే. 2004లో గ్యాబ్ సొంత ఆల్బమ్ ‘ఫోర్త్ డైమెన్షనల్ రాకెట్‌షిప్స్ గోయింగ్ అప్’ క్వానమ్ నుంచి వచ్చింది. దానికి సంగీతం సియాటిల్‌కు చెందిన విటమిన్ డీ, జేక్ వన్‌లు కూర్చారు. అదే ఏడాది ఎక్సెల్, లతీఫ్ కలిసి మరూన్స్ పేరుతో ‘ఆంబుష్’ చేశారు. ఇద్దరూ విడివిడిగా పనిచేసినా జంట చీలలేదు.

మూడో ఆల్బమ్ ‘ది క్రాఫ్ట్’ 2005 సెప్టెంబరు 27న యాంటీ సంస్థ నుంచి వచ్చింది. యాంటీ, పంక్ సంగీతానికి పేరుపొందిన ఎపిటాఫ్ అనే స్వతంత్ర సంస్థకు అనుబంధం. ఇందులో పాత రికార్డు ముక్కలు తగ్గి, వాద్యకారులు వాయించినది పెరిగింది. ఫంక్ పితామహుడు జార్జ్ క్లింటన్ ‘లోటస్ ఫ్లవర్’లో, ఫ్లొయెట్రీ జంట ‘ఆటోమాటిక్’లో పాలుపంచుకున్నారు. ‘ది ఫాల్ అండ్ రైజ్ ఆఫ్ ఎలియట్ బ్రౌన్’ నేరంలో పడి మళ్లీ లేచిన మనిషి కథ. డిసెప్షన్ రాసిన కలమే ఇంకా ఓపికగా ఇది రాసింది. ఆల్బమ్ మొత్తం బ్లేజింగ్ ఏరో అంత విశాలం కాదు, నియా అంత తాజాగానూ అనిపించదు. కానీ పాట కట్టే పనిలో ఇద్దరి చెయ్యీ ఎక్కువ తిరిగినది ఇక్కడే.

ఆ తర్వాత జంటగా మరో ఆల్బమ్‌కు పదేళ్లు పట్టింది. గ్యాబ్ ఊరికే లేడు. 2008లో లతీఫ్, హెడ్‌నాడిక్‌లతో కలిసి మైటీ అండర్‌డాగ్స్ పేరుతో ఒక ఆల్బమ్, 2009లో ‘ఎస్కేప్ టు మార్స్’, 2012లో ‘ది నెక్స్ట్ లాజికల్ ప్రోగ్రెషన్’ తెచ్చాడు. 2012లోనే అతని మూత్రపిండాలు పనిచేయడం మానేశాయని వైద్యులు తేల్చారు. డయాలిసిస్ అంటే మామూలుగా వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటల వరకు యంత్రానికి కట్టుబడి ఉండడం. స్వతంత్ర కళాకారుడికి ఆదాయం ప్రధానంగా కచేరీల మీద, అంటే ఊరూరా తిరగడం మీదే ఆధారపడుతుంది. కాబట్టి కచేరీ ఉన్న ప్రతి ఊళ్లోనూ ముందే డయాలిసిస్ కేంద్రం వెతుక్కోవాలి. నీరసించిన ఒంటితో రాత్రి వేదిక ఎక్కి, ఊపిరే పెట్టుబడి అయిన పాటలు పాడాలి. గ్యాబ్ ఆ జబ్బుతోనే ఏళ్ల తరబడి కచేరీలు చేశాడు, రాశాడు, రికార్డు చేశాడు. హిప్‌హాప్‌లో గుండె నిబ్బరం గురించి చాలా పాటలున్నాయి. ఇంత నిబ్బరంగా బతికి చూపినవారు తక్కువ.

2014 అక్టోబరు 28న అనుకోని చోటు నుంచి కొత్త శ్రోతలు వచ్చారు. హ్యారీ పాటర్ సినిమాల నటుడు డేనియల్ రాడ్‌క్లిఫ్, జిమ్మీ ఫాలన్ టీవీ కార్యక్రమంలో ఆల్ఫాబెట్ ఏరోబిక్స్ మొత్తాన్ని కంఠతా పాడాడు. పక్కన వాయించింది ది రూట్స్ బృందం. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. పదిహేనేళ్ల నాటి, చిన్న సంస్థ విడుదల చేసిన పాట మళ్లీ కుర్రకారు నోళ్లలో ఆడింది. తర్వాతి కాలంలో ఆ పాటను అప్పజెప్పే పోటీ ఇంటర్నెట్‌లో పిల్లల ఆటగా కూడా మారింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే జంట కొత్త ఆల్బమ్‌ను సిద్ధం చేస్తున్నది. ఈసారి ఖర్చులో కొంత భాగం అభిమానులే ప్లెడ్జ్‌మ్యూజిక్ అనే వెబ్‌సైటు ద్వారా ముందుగా చెల్లించారు. ‘ఇమాని’ మొదటి భాగం 2015 సెప్టెంబరు 18న వాళ్ల సొంత ముద్ర ఓజీఎమ్ మీద వచ్చింది. నియాలాగే ఇమాని కూడా క్వాంజా సూత్రాల్లో ఒకటి, ఆ ఏడింటిలో చివరిది, విశ్వాసం. మూడు భాగాలుగా తేవాలన్నది సంకల్పం. ‘ఆల్ఫా అండ్ ఒమేగా’లో లతీఫ్, లిరిక్స్ బోర్న్ వచ్చి కలిశారు. డేవిస్ రేడియో గదిలో కలిసి ఇరవై ఏళ్లు దాటిన మనుషులు ఒకే పాటలో వంతులు వేసుకున్నారు. గ్యాబ్ గొంతు ఈ ఆల్బమ్‌లో కొంచెం బరువెక్కింది, పలుకు మాత్రం చెక్కుచెదరలేదు. ‘బ్లాకా’, ‘ఆన్ ఫైర్ టునైట్’ వింటే అతను యంత్రం మీద ఆధారపడి బతుకుతున్నాడని ఎవరూ అనుకోరు.

2020 జనవరిలో గ్యాబ్‌కు మూత్రపిండం మార్పిడి జరిగింది. ఆ తర్వాత ఏడాదిన్నర కూడా గడవకుండానే, 2021 జూన్ 18న, యాభై ఏళ్ల వయసులో మరణించాడు. వారం తర్వాత ఆ వార్త లోకానికి తెలిసింది. దానితోపాటే బ్లాకలిషస్ కోసం అతను రికార్డు చేసి ఉంచిన పాటలు దాదాపు వంద ఉన్నాయన్న సంగతి కూడా తెలిసింది. ఆఖరి సొంత ఆల్బమ్ ‘ఫైండింగ్ ఇన్‌స్పిరేషన్ సమ్‌హౌ’ అదే ఏడాది, అతను పోయాక వెలువడింది. జంట పాటలకు సంగీతం పూర్తి చేయగలవాడు ఎక్సెల్ ఒక్కడే. రెండు సెకన్ల ముక్క కోసం పెట్టెల కొద్దీ రికార్డులు తిరగేసిన మనిషి, ఒక్కో ఆల్బమ్‌కు అయిదేళ్లు, పదేళ్లు తీసుకున్న మనిషి అతను. ఆ పాటలు ఎప్పుడు పూర్తయినట్టో తేల్చవలసింది ఇప్పుడు అతనొక్కడే.